అమెరికాలో సైకిల్ మీద వెళ్తుంటే స్టాప్ సైన్ దగ్గర ఏం చేయాలి, స్టెప్ బై స్టెప్

ఫాల్ సెమిస్టర్ మొదలైందంటే చాలు ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చారు, కారు ఇంకా కొనలేదు, వెళ్ళిపోతున్న సీనియర్ దగ్గర పాత సైకిల్ తీసుకుని క్యాంపస్‌కీ ఇండియన్ స్టోర్‌కీ దాని మీదే తిరుగుతున్నారు. స్టాప్ సైన్ దగ్గర సైకిల్ కూడా ఆగాలా, రోడ్డు ఖాళీగా ఉన్నా ఆగాలా, కాలు కింద పెట్టాలా, పక్కన ఇంకొకళ్ళు ఆగకుండా వెళ్ళిపోతున్నారు వాళ్ళనెవరూ ఏమీ అనట్లేదు కదా, ఇవీ అడిగేవి. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాసేస్తున్నా.

ముందు సూటిగా జవాబు. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్, జార్జియా, వర్జీనియా, నార్త్ కరోలినా, అంటే మనవాళ్ళు ఎక్కువ ఉండే స్టేట్స్ చాలావాటిలో సైకిల్‌కీ కారుకీ స్టాప్ సైన్ దగ్గర రూల్ ఒకటే, చక్రం పూర్తిగా ఆగాలి. కొన్ని స్టేట్స్‌లో మాత్రం సైకిల్ వాళ్ళు స్లో చేసి, దారి ఇవ్వాల్సిన వాళ్ళెవరూ లేకపోతే ఆగకుండా వెళ్ళొచ్చని చట్టమే ఉంది. మీరు ఏ స్టేట్‌లో ఉన్నారో తెలీకపోతే కింద చెప్పేదేదీ సరిగ్గా చేయలేరు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

కావాల్సినవి

- రెండు బ్రేకులూ పనిచేసే సైకిల్. పాత సైకిల్ కొన్నవాళ్ళు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయేమో ముందు చూడండి, అవి మార్చుకోడానికి పెద్ద ఖర్చేం కాదు.
- ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. చీకట్లో ముందు లైటు లేకుండా తొక్కడం దాదాపు అన్ని స్టేట్స్‌లో తప్పే. టెక్సాస్, న్యూజెర్సీ లాంటి చోట్ల ముందు లైటు 500 అడుగుల దూరం నుంచి కనపడాలని రాసి ఉంటుంది.
- హెల్మెట్. పెద్దవాళ్ళకి చాలా స్టేట్స్‌లో కంపల్సరీ కాదు, అయినా పెట్టుకోండి, ఇందులో నేను వాదన వినను.
- ఏదో ఒక ఐడీ. సైకిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు కానీ పోలీస్ ఆపినప్పుడు మీరెవరో చూపించాల్సి వస్తుంది.
- బెల్ ఉంటే మంచిది, కొన్ని స్టేట్స్‌లో ఉండి తీరాలి.
- ఇయర్‌ఫోన్స్ జేబులో, చెవుల్లో కాదు. కాలిఫోర్నియాలో రెండు చెవుల్లో పెట్టుకుని తొక్కడం చట్టప్రకారమే తప్పు. మిగతా చోట్ల చట్టం ఏం చెప్పినా స్టాప్ సైన్ దగ్గర మీ చెవులు మీకు కావాలి, ఎలక్ట్రిక్ కార్లు అసలే చప్పుడు లేకుండా వస్తాయి.

స్టెప్ 1: మీ స్టేట్ రూల్ ఏంటో ఒకసారి చూసుకోండి

ఆగకుండా వెళ్ళొచ్చనే చట్టం మొట్టమొదట ఐడహోలో 1982లో వచ్చింది, అందుకే అందరూ దాన్ని ఐడహో స్టాప్ అంటారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు దాటినా ఇంకే స్టేటూ చేయలేదు. 2017లో డెలావేర్ చేసింది, 2019లో ఆర్కాన్సా, ఆరిగన్, 2020లో వాషింగ్టన్, 2021లో యూటా, నార్త్ డకోటా, ఒక్లహోమా, 2022లో కొలరాడో, 2023లో మినెసోటా. అంటే రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు ఉన్నవాళ్ళకీ, హిల్స్‌బరో, బీవర్టన్ వైపు ఇంటెల్‌లో చేసేవాళ్ళకీ, వాల్‌మార్ట్ పని మీద బెంటన్‌విల్‌లో ఉన్నవాళ్ళకీ, డెన్వర్, మినియాపోలిస్ వాళ్ళకీ ఇది వర్తిస్తుంది. డాలస్, ఎడిసన్, ఫ్రీమాంట్, అట్లాంటా వాళ్ళకి వర్తించదు. కాలిఫోర్నియాలో 2021లో బిల్లు అసెంబ్లీ, సెనేట్ రెండూ దాటింది కానీ గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు, అది పాస్ అయిపోయిందనుకుని తిరిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, జాగ్రత్త.

పైన చెప్పిన స్టేట్స్ అన్నిట్లో కూడా రూల్ ఒకేలా ఉండదు. డెలావేర్‌లో రెండు లేన్లు లేదా అంతకన్నా చిన్న రోడ్ల దగ్గరే ఈ వెసులుబాటు, పెద్ద రోడ్డు దగ్గర పూర్తిగా ఆగాల్సిందే. కొలరాడోలో పదిహేనేళ్ళు నిండి ఉండాలి, లేదా పక్కన పెద్దవాళ్ళు ఉండాలి, పైగా జంక్షన్‌లోకి మామూలుగా గంటకి 10 మైళ్ళు మించని స్పీడులోనే వెళ్ళాలి. వాషింగ్టన్‌లో స్కూల్ బస్సు స్టాప్ బోర్డుకీ రైల్వే క్రాసింగ్‌కీ ఈ రూల్ పనిచేయదు. ఈ లిస్టులో కొత్త స్టేట్స్ చేరుతూ ఉంటాయి కాబట్టి, మీ స్టేట్ పేరు పక్కన సైకిల్, స్టాప్ సైన్, యీల్డ్ (దారి ఇవ్వడం) అనే మూడు మాటలూ ఇంగ్లీషులో కొట్టి, వచ్చినవాటిలో డాట్ గవ్ తో అయిపోయే సైట్ మాత్రమే తెరవండి. డీఎంవీ (లైసెన్సులు ఇచ్చే ఆఫీసు) లేదా స్టేట్ ట్రాన్స్‌పోర్టేషన్ డిపార్ట్‌మెంట్ పేజీ అయితే ఇంకా మంచిది. రూమ్మేట్ చెప్పాడనీ వాట్సాప్ గ్రూపులో వచ్చిందనీ నమ్మేయకండి. యూనివర్సిటీ క్యాంపస్ లోపల వేరే రూల్స్ ఉండొచ్చు, క్యాంపస్ పోలీస్ పేజీ కూడా ఒకసారి చూడండి.

తెలుసుకునే దాకా? పూర్తిగా ఆగండి. ఆగినందుకు ఏ స్టేట్‌లోనూ టికెట్ (ఫైన్ చీటీ) ఇవ్వరు.

స్టెప్ 2: దూరం నుంచే సిద్ధం అవ్వండి

స్టాప్ సైన్ ఎనిమిది పలకల ఎర్ర బోర్డు, అది అందరికీ తెలుసు. చాలామంది చూడనిది దాని కింద ఉండే చిన్న ప్లేటు. ఆల్ వే అని ఉంటే నాలుగు వైపులా ఆగుతారు. ఏమీ లేకపోతే అడ్డంగా వచ్చే రోడ్డు వాళ్ళు ఆగరు, పూర్తి స్పీడులో వస్తారు. కొన్నిచోట్ల క్రాస్ ట్రాఫిక్ డస్ నాట్ స్టాప్ అని రాసి కూడా పెడతారు. ఈ తేడా మీకు బోర్డు దగ్గరికి రాకముందే తెలిసిపోవాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

గేరు సైకిల్ అయితే ఆగకముందే తేలిక గేరులోకి మార్చేయండి, ఆగాక గేరు మారదు, బరువు గేరులో బయల్దేరబోతే సైకిల్ ఊగిపోయి జంక్షన్ మధ్యలో ఇరుక్కుంటారు. తిరగాలనుకుంటే చేతితో సిగ్నల్ ఇవ్వండి, చాలా స్టేట్స్‌లో మలుపుకి 100 అడుగుల ముందు నుంచి ఇవ్వాలి. ఎడమకైతే ఎడమ చెయ్యి బారుగా పక్కకి, కుడికైతే కుడి చెయ్యి బారుగా పక్కకి లేదా ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి పైకి, ఆగుతున్నానని చెప్పాలంటే ఎడమ చెయ్యి కిందకి. బ్రేక్ వేయడానికి రెండు చేతులూ కావాల్సినప్పుడు చెయ్యి దించేయొచ్చు, హ్యాండిల్ మీద పట్టు ముఖ్యం.

స్టెప్ 3: బ్రేక్ వేయడం (ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఇది తప్పకుండా చదవండి)

మన దగ్గర సైకిళ్ళకి మామూలుగా కుడి చేతి బ్రేక్ ముందు చక్రానికి ఉంటుంది. అమెరికాలో అమ్మే సైకిళ్ళకి రివర్స్, ఎడమ చేతిది ముందు చక్రానికి, కుడి చేతిది వెనక చక్రానికి, ఇది ఇక్కడ ఫెడరల్ రూల్‌లోనే ఉంది. చిన్నప్పటి నుంచీ ఎడమ చేత్తో వెనక బ్రేక్ గట్టిగా నొక్కే అలవాటున్న మనిషి స్టాప్ సైన్ దగ్గర కంగారులో అదే చేస్తే ముందు చక్రం ఠక్కున పట్టేసి హ్యాండిల్ మీంచి పల్టీ కొడతాడు. సైకిల్ కొన్న మొదటి రోజే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మెల్లగా తొక్కుతూ ఏ లీవర్ ఏ చక్రానిదో చూసుకోండి. తర్వాత రెండూ కలిపి, కొంచెం కొంచెంగా నొక్కడం అలవాటు చేసుకోండి.

వాన పడితే, ముఖ్యంగా రిమ్ బ్రేకులైతే (ప్యాడ్లు చక్రం అంచుని పట్టేవి), మామూలు కన్నా చాలా ముందు నుంచే నొక్కాలి. సియాటిల్ వైపు చలికాలంలో తడి ఆకుల మీద చక్రం జారుతుంది, తెల్ల పెయింట్ గీతల మీద కూడా అంతే. మినెసోటా మంచులో అయితే బ్రేక్ కన్నా ముందు నుంచే పెడలింగ్ ఆపేయడం మేలు.

స్టెప్ 4: ఎక్కడ ఆగాలి

రోడ్డు మీద తెల్లటి లావు గీత ఉంటే దాని వెనక. గీత లేకుండా క్రాస్‌వాక్ (నడిచేవాళ్ళు రోడ్డు దాటే చోటు) ఉంటే దాని వెనక, లోపల కాదు. రెండూ లేకపోతే అడ్డ రోడ్డు కనపడే చోట, దాంట్లోకి ముందు చక్రం వెళ్ళకుండా. బోర్డు ఎక్కడ పాతారో అక్కడే ఆగాలనుకుంటారు కొందరు, అది కాదు, గీత ఉంటే గీతే లెక్క. చెట్టో, పార్క్ చేసిన కారో అడ్డం వచ్చి గీత దగ్గర నుంచి ఏమీ కనపడకపోతే అక్కడ ఒకసారి ఆగి, తర్వాత మెల్లగా ముందుకి జరిగి కనపడే చోట మళ్ళీ ఆగండి. రెండుసార్లు ఆగడం దండగ అనిపిస్తుంది కానీ అలాంటి మూలల దగ్గరే దెబ్బలు తగిలేది.

లేన్‌లో ఎక్కడ నిలబడాలనేది కూడా ముఖ్యమే. నేరుగా వెళ్ళేటప్పుడు కుడి అంచుకి అతుక్కుని నిలబడకండి, లేన్ మధ్యలోకి రండి. అంచున ఉంటే వెనక కారు మీ పక్కన దూరి కుడికి తిరుగుతూ మిమ్మల్ని కొట్టేస్తుంది. మీ ముందు కారు ఆగి ఉంటే దాని కుడి పక్క సందులోంచి ముందుకి పోకండి, దాని వెనకే ఆగండి, అది వెళ్ళాక మీరు గీత దాకా వచ్చి మళ్ళీ ఆగండి. హైదరాబాద్‌లో సందు దొరికితే ముందుకి దూరే అలవాటు మనలో బలంగా ఉంటుంది. ఇక్కడి డ్రైవర్ అక్కడ సైకిల్ ఉంటుందని అస్సలు ఊహించడు, అదే ప్రమాదం.

స్టెప్ 5: పూర్తిగా ఆగడం అంటే

చక్రాలు తిరగడం ఆగిపోవాలి, చట్టం అడిగేది అది. కాలు నేలకి ఆనించాలని మామూలుగా చట్టాల్లో ఉండదు, కదలకుండా బ్యాలెన్స్ చేయగలిగితే అదీ ఆగడమే. కానీ అందరికీ నా సలహా కాలు పెట్టేయమనే. దూరం నుంచి చూసే పోలీస్‌కి మీరు ఆగారని స్పష్టంగా కనపడుతుంది, డ్రైవర్లకీ కనపడుతుంది, మీకూ చుట్టూ చూసుకోడానికి టైమ్ దొరుకుతుంది. ఎన్ని సెకన్లు ఆగాలని అడుగుతారు. మూడు సెకన్లని ఎక్కడో విని ఉంటారు, చట్టంలో అలాంటి లెక్క మామూలుగా ఉండదు, పూర్తిగా ఆగి చుట్టూ చూసుకునేంత సేపు చాలు.

స్టెప్ 6: చూడటం

ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ. ఇండియాలో మనకి దగ్గర లేన్ కుడి వైపు నుంచి వస్తుంది కాబట్టి మెడ ముందు కుడికి తిరుగుతుంది. ఇక్కడ దగ్గర లేన్ ఎడమ నుంచి వస్తుంది. కొత్తవాళ్ళు కుడికి చూసి, ఖాళీ అనుకుని, అడుగు ముందుకేసి, ఎడమ నుంచి వచ్చే కారుకి ఎదురుపడతారు. మొదటి కొన్ని వారాలు నోటితో అనుకుంటూ చూడండి, ఎడమ, కుడి, ఎడమ అని, పక్కవాళ్ళు ఏమనుకున్నా పర్లేదు.

నడిచేవాళ్ళని విడిగా వెతకండి. క్రాస్‌వాక్ గీతలు లేకపోయినా రోడ్లు కలిసే మూలల్లో క్రాస్‌వాక్ ఉన్నట్టే లెక్క, చాలా స్టేట్స్‌లో అంతే. నడిచే మనిషికే ముందు హక్కు. స్ట్రోలర్ తోసుకెళ్ళే అమ్మ, ఊరి నుంచి వచ్చి సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరిన పెద్దవాళ్ళు, వీళ్ళ ముందు నుంచి సైకిల్ దూసుకుపోతే తగలకపోయినా వాళ్ళు బెదిరిపోయి పడొచ్చు.

స్టెప్ 7: ఎవరు ముందు వెళ్ళాలి

ఆల్ వే స్టాప్ అయితే ముందు వచ్చి ఆగినవాళ్ళు ముందు. ఇద్దరు ఒకేసారి వస్తే మీ కుడి వైపు ఉన్నవాళ్ళకి దారి ఇవ్వాలి. ఎదురెదురుగా ఒకేసారి వచ్చి మీరు ఎడమకి తిరగాలనుకుంటే నేరుగా వచ్చేవాళ్ళు వెళ్ళాక తిరగాలి. సైకిల్‌కి కూడా వరుసలో కారుకి ఉన్నంత హక్కే ఉంది, మీ వంతు వచ్చినప్పుడు బెరుకుగా ఊగిసలాడకండి, నేరుగా బయల్దేరండి, వెళ్ళాలా వద్దా అని మీరు తటపటాయిస్తే అవతలి వాళ్ళూ తటపటాయించి ఇద్దరూ ఒకేసారి కదులుతారు. సిగ్నల్ లైట్లు కరెంటు పోయి ఆరిపోతే చాలా స్టేట్స్‌లో దాన్నీ ఆల్ వే స్టాప్‌లాగే చూడాలి. ఎర్ర లైటు ఆరి వెలుగుతుంటే అది స్టాప్ సైన్‌తో సమానం.

రెండు వైపులే స్టాప్ ఉన్న జంక్షన్ అయితే వరుస ఏమీ ఉండదు, అడ్డ రోడ్డు మొత్తం ఖాళీ అయ్యేదాకా నిలబడటమే. పెద్ద రోడ్డు దాటాల్సి వచ్చి ఎంతసేపటికీ ఖాళీ దొరక్కపోతే సైకిల్ దిగి పక్క సిగ్నల్ దాకా నడిచి అక్కడ దాటండి, ఇందులో నామోషీ ఏం లేదు.

చెయ్యి ఊపే డ్రైవర్ గురించి ఒక మాట. ఇక్కడ చాలామంది మంచిగా చెయ్యి ఊపి ముందు మీరు వెళ్ళండి అంటారు. ఆయన ఆగాడు సరే, ఆయన పక్క లేన్‌లో వచ్చేవాడికి మీరు కనపడరు. మీ సొంత కళ్ళతో మిగతా అన్ని వైపులా చూసుకున్నాకే కదలండి, అనుమానంగా ఉంటే తల అడ్డంగా ఊపి మీరే వెళ్ళండని ఆయనకి చెప్పేయండి.

స్టెప్ 8: బయల్దేరడం

ఒక పెడల్‌ని కొంచెం ముందుకి, పైకి ఉండేలా తిప్పి పెట్టుకోండి, దాని మీద బరువేసి ఒక్క తొక్కు తొక్కితే సైకిల్ నిటారుగా కదులుతుంది. కింద పెడల్‌తో మొదలుపెడితే ఊగుతుంది. మధ్యలో గేరు మార్చకండి, జంక్షన్ దాటాక మార్చండి.

ఎడమకి తిరగాలంటే రెండు దారులు. ట్రాఫిక్ తక్కువ ఉంటే ముందుగానే వెనక్కి చూసి, సిగ్నల్ ఇచ్చి, లేన్‌లో ఎడమ వైపుకి జరిగి కారులాగే తిరగండి. ట్రాఫిక్ ఎక్కువుంటే లేదా మీకు భయంగా ఉంటే నేరుగా అవతలికి దాటి, దిగి, క్రాస్‌వాక్ మీద సైకిల్ నడిపించుకుంటూ రెండోసారి దాటండి. కొత్తవాళ్ళకి నేను రెండోదే చెప్తాను.

యీల్డ్ స్టేట్‌లో (ఆగకుండా వెళ్ళొచ్చనే చట్టం ఉన్న చోట) ఉన్నవాళ్ళకి ఏం మారుతుంది

పైన చెప్పిన స్టెప్స్‌లో ఐదోది ఒక్కటే మారుతుంది, మిగతావన్నీ అలాగే ఉంటాయి. స్లో చేయాలి, చూడాలి, ఎవరైనా దగ్గరగా వస్తున్నా, క్రాస్‌వాక్‌లో మనిషి ఉన్నా, ఆల్ వే దగ్గర మీకన్నా ముందు వచ్చిన కారు ఉన్నా ఆగాలి. ఎవరూ లేకపోతేనే ఆగకుండా వెళ్ళొచ్చు. చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇంతే, దీన్ని చాలామంది స్టాప్ సైన్ మనకి లేదనుకుంటారు, అది చాలా ప్రమాదం. చూడటానికి సరిపోయేంత నెమ్మదిగా, కావాలంటే అక్కడికక్కడే ఆగగలిగేంత నెమ్మదిగా రావాలి, అంటే గబగబా నడిచే స్పీడు కన్నా కొంచెం ఎక్కువ. డెలావేర్‌లో చట్టం రాకముందు 30 నెలలు, వచ్చాక 30 నెలలు పోల్చి చూస్తే స్టాప్ సైన్ జంక్షన్లలో సైకిల్ యాక్సిడెంట్లు 23 శాతం తగ్గాయి కాబట్టి చట్టం మంచిదే, సరిగ్గా వాడుకునేవాళ్ళకి.

ఎర్ర సిగ్నల్ లైటు వేరే సంగతి. ఐడహో, ఆర్కాన్సా, ఒక్లహోమా, కొలరాడోలో పూర్తిగా ఆగి ఖాళీ చూసుకుని వెళ్ళనిస్తారు. ఆరిగన్, వాషింగ్టన్, డెలావేర్, మినెసోటా వాళ్ళు స్టాప్ సైన్ రూల్‌ని సిగ్నల్‌కి వాడితే టికెట్టే.

స్టేట్ లైన్ దాటితే రూల్ మారిపోతుందని గుర్తు పెట్టుకోండి. టెక్సర్కానా ఊరు సగం టెక్సాస్‌లో, సగం ఆర్కాన్సాలో ఉంటుంది, ఒకే ఊళ్ళో ఒక వీధిలో ఆగక్కర్లేదు, ఇంకో వీధిలో ఆగాలి.

పిల్లలకి మాత్రం ఏ స్టేట్‌లో ఉన్నా కాలు కింద పెట్టి ఆగడమే నేర్పండి. వచ్చే కారు ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడులో ఉంది అనే అంచనా చిన్నపిల్లలకి రాదు.

ఎక్కడైనా సరే ఆగి తీరాల్సినవి

స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి పక్కన స్టాప్ బోర్డు తెరిస్తే సైకిల్ కూడా ఆగాలి, ఎదురుగా వస్తున్నా ఆగాలి. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద ఎదురు వైపు వాళ్ళకి చాలా స్టేట్స్‌లో మినహాయింపు ఉంటుంది కానీ తెలీకపోతే ఆగండి. బోర్డు మూసి బస్సు కదిలేదాకా కదలకండి. రైల్వే క్రాసింగ్ దగ్గర లైట్లు వెలుగుతుంటే అంతే. పట్టాలు ఏటవాలుగా ఉంటే సైకిల్ తిప్పి వాటికి అడ్డంగా దాటండి, లేకపోతే చక్రం సందులో పడుతుంది. ఇంకోటి, సైకిల్ ట్రైల్ రోడ్డుని దాటే చోట చిన్న సైజు స్టాప్ సైన్ ఉంటుంది, అది అలంకారానికి పెట్టింది కాదు, మీకోసం పెట్టిందే.

ఎక్కువగా చేసే తప్పులు

అన్నిటికన్నా పెద్దది రాంగ్ సైడ్. ఎదురుగా వచ్చే కార్లు కనపడతాయి కదా సేఫ్ అనుకుని, లేదా ఇండియా అలవాటులో ఎడమ పక్కన వచ్చేస్తారు. స్టాప్ సైన్ దగ్గర కుడికి తిరగాలనుకునే డ్రైవర్ ఎడమకి మాత్రమే చూస్తాడు, ఎందుకంటే ట్రాఫిక్ అటు నుంచే వస్తుంది. మీరు అతని కుడి నుంచి వస్తే అతను బ్రేక్ తీసేదాకా మిమ్మల్ని చూడనే చూడడు. సైకిల్ రోడ్డుకి కుడి పక్కన, ట్రాఫిక్ పోయే వైపే. రోడ్డుకి బదులు సైడ్‌వాక్ (ఫుట్‌పాత్) మీద స్పీడుగా వచ్చి జంక్షన్‌లో దిగడం కూడా ఇలాంటిదే.

రెండోది, స్లో చేశాను కదా ఆగినట్టే అనుకోవడం. చక్రం తిరుగుతూనే ఉంటే ఆగినట్టు కాదు.

గ్రూపుగా వెళ్ళేటప్పుడు ముందు ఉన్న స్నేహితుడు ఆగి బయల్దేరాడని వెనక నలుగురూ తోకలాగా వెళ్ళిపోవడం ఇంకోటి. పూర్తిగా ఆగాల్సిన స్టేట్స్‌లో ప్రతి సైకిలూ గీత దగ్గర ఆగాల్సిందే. యీల్డ్ స్టేట్‌లో కూడా ప్రతి ఒక్కళ్ళూ తమ కళ్ళతో చూసుకోవాలి, ముందువాడు వెళ్ళినప్పుడు ఖాళీగా ఉన్న రోడ్డు మీ వంతుకి ఖాళీగా ఉండదు.

హ్యాండిల్‌కి రెండు వైపులా బియ్యం సంచీ, పాల క్యాన్ వేలాడదీసుకుని రావడం. బ్రేక్ వేసినప్పుడు సంచీ ఊగి చక్రంలో పడుతుంది. బ్యాక్‌ప్యాక్‌లో వేసుకోండి, లేదా వెనక క్యారియర్ బిగించుకోండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో చెక్ చేసుకోవడం

ఆదివారం పొద్దున ఇళ్ళ మధ్య ఖాళీ వీధిలో ఒక స్టాప్ సైన్ ఎంచుకోండి. ఫ్రెండ్‌ని పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయమనండి. వీడియోలో చక్రం చువ్వలు చూడండి, చువ్వలు విడివిడిగా నిలబడి కనపడితే ఆగినట్టు. మీకు ఆగినట్టే అనిపించినప్పుడు కూడా వీడియోలో చక్రం తిరుగుతూ ఉండటం చాలా మామూలు. ముందు చక్రం గీతకి వెనకుందో ముందుందో కూడా అందులోనే తెలుస్తుంది. తల ఎడమకి రెండుసార్లు తిరిగిందో లేదో చూడండి.

రోజూ వెళ్ళే దారిలో అయితే ఒక్కటే పరీక్ష. జంక్షన్ దాటాక ఆలోచించండి, మీ వల్ల ఎవరైనా బ్రేక్ వేయాల్సి వచ్చిందా, ఎవరైనా నడిచే మనిషి అడుగు వెనక్కి వేశారా, ఎవరైనా హారన్ కొట్టారా. ఇక్కడ ఊరికే హారన్ కొట్టరు. ఒక్కదానికి అవునని వచ్చినా మీరు అక్కడ ఏదో చూడలేదు, మరుసటి రోజు అదే మూల దగ్గర ఇంకొంచెం ముందు నుంచి స్లో చేయండి.

పోలీస్ ఆపితే

కుడి పక్కకి ఆగి, సైకిల్ దిగి, చేతులు కనపడేలా నిలబడండి. జేబులోకి చెయ్యి పెట్టే ముందు ఐడీ తీస్తున్నానని చెప్పండి. వాదించకండి, తప్పు లేదనుకుంటే కోర్టులో చెప్పుకోవచ్చు. టికెట్ మీద సంతకం పెట్టమంటే పెట్టేయండి, సంతకం అంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, చెప్పిన తేదీలోపు జవాబిస్తానని మాటివ్వడం.

తర్వాత చాలామంది చేసేది టికెట్‌ని పుస్తకాల్లో పెట్టి మర్చిపోవడం, సైకిల్‌కి ఇచ్చింది కదా ఏమవుతుందిలే అని. దయచేసి అలా చేయకండి. టికెట్ మీద తేదీ, కోర్టు పేరు, ఆన్‌లైన్‌లో ఎలా కట్టాలో ఉంటాయి. గడువులోపు కట్టడమో, తప్పు చేయలేదని చెప్పి కోర్టు తేదీ అడగడమో చేయాలి. పట్టించుకోకపోతే ఫైన్ పెరుగుతుంది, కొన్నిచోట్ల వారెంట్ దాకా పోతుంది. వీసా మీద ఉన్నవాళ్ళకి చిన్న ఫైన్ కన్నా కోర్టుకి రాలేదన్న రికార్డే ఎక్కువ తలనొప్పి. కోర్టు కాగితాలూ, డబ్బు కట్టిన రసీదూ స్కాన్ చేసి దాచుకోండి, స్టూడెంట్ వీసా వాళ్ళు అనుమానం ఉంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి, చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్ల కోసం ఫ్రీగా చూసే లాయర్ కూడా ఉంటారు, అపాయింట్‌మెంట్ టికెట్ వచ్చిన వారంలోనే తీసుకోండి.

కారు తగిలితే మాత్రం దెబ్బ చిన్నదే అనిపించినా 911కి ఫోన్ చేయండి. నాకేం కాలేదని అక్కడే చెప్పి పంపించేయకండి, నొప్పి మర్నాడు తెలుస్తుంది. కారు నంబరు ప్లేటు, డ్రైవర్ ఇన్సూరెన్స్ కార్డు, స్టాప్ సైన్, గీత, మీ సైకిల్ పడి ఉన్న చోటు, అన్నీ కదపకముందే ఫోటోలు తీసుకోండి, పోలీస్ రిపోర్ట్ నంబరు అడిగి రాసుకోండి.